సమస్యాపూరణం: “గడప దాటలేక కడలి దాటె”

నిర్వాహకుడు:
ఈ పాదం రెండు రోజులుగా నోట్లో ఆడుతోంది. ఛందస్సు ఆటవెలది.

“గడప దాటలేక కడలి దాటె”

హనుమంతుణ్ణి దింపేసి చేతులు దులుపుకుంటే ఒప్పుకోను. పార్కిన్సన్స్, అదే మన కంపవాతం, వచ్చినవాళ్లలో చాలామంది కాలు సరిగ్గా గుమ్మం దగ్గరే నేలకు అతుక్కుపోతుంది. పద్యం అక్కడ పుట్టాలి. నవ్వు ఉండాలి, ఆ నవ్వు చూసేవాళ్లది కాక కాలు ఆగినవాళ్లది కావాలి.

వేపపూత:
చక్రపీఠ మెక్కి సాగెను వినువీధి
తాత కొడుకు నింటఁ దలుపు దట్టె
కాలు నేల కంటఁ గదలని యా పెద్ద
గడప దాటలేక కడలి దాటె

పాతపంచాంగం:
మూడో పాదం నాలుగో పాదంలోకి కారిపోతోందమ్మా. “ఆ పెద్ద గడప” అని చదువుతున్నారు జనం. “యా వ్యక్తి” అను, గణమూ నిలుస్తుంది, చిక్కూ పోతుంది. ఇంకొకటి. చక్రాల కుర్చీ ఎక్కించాక సమస్యలో సమస్య ఏముంది? అసలు కష్టం విమానం తలుపు దగ్గర కుర్చీ దిగాక మొదలవుతుంది. నడవ సన్నం, వెనక జనం తొందర, రెండూ కాలు ఆగేందుకు కారణాలే. నడవలో పట్టే సన్న కుర్చీ టికెట్టు కొన్నప్పుడే అడగాలి. మాత్రలు చేతి సంచిలో ఉండాలి. దేశం మారితే వేళ మారుతుంది, అందుకని దారిలో గోడ గడియారం చూసి వేసుకోకూడదు, మాత్రకూ మాత్రకూ మధ్య గంటలు లెక్కపెట్టుకోవాలి. పద్యంలో ఇవేవీ పట్టవు, ఒప్పుకుంటాను. కానీ ఆ నవ్వు ఎవరిది? కనపడలేదు.

గుడిమెట్టు:
నేలమీద నొక్క నీలి గీతను గీసి
సంద్రమిదియె యనుచు సరసమాడి
పైకి నెత్తి కాలు పావని యైపోయి
గడప దాటలేక కడలి దాటె

నిర్వాహకుడు:
హనుమంతుడు వద్దంటే పావని పేరుతో పెరటి గుమ్మంలోంచి తెచ్చావు! అయినా ఉంచుతున్నా. గడపను గడపగా దాటలేనివాడు, దాన్నే కడలి అనుకుని దాటాడు. రెండూ ఒకే చెక్క. ఇంతకంటే పూరణ ఏం కావాలి?

వేపపూత:
నిజంగా జరిగేదీ అదే. అలవాటుగా, ఆలోచన లేకుండా వేసే అడుగును నడిపే దారి ఈ జబ్బులో దెబ్బతింటుంది. కావాలని, ఒక గురి చూసుకుని వేసే అడుగుకు మెదడు వేరే దారి వాడుకుంటుంది. అందుకే చదును నేలమీద ఆగిన కాలు గీత మీదుగా లేస్తుంది. ఇక్కడ వేళాకోళమే కాలికి గురి అయింది.

ఒక్క గీతే గీశారు, అదొక్కటే లోటు. గుమ్మానికి ఇవతల రెండు, అవతల రెండు ఉండాలి. ఇవతలే ఆపేస్తే గడప దాటాక గదిలో కాలు ఆగుతుంది. గీతలు నడిచే దారికి అడ్డంగా ఉండాలి, నిలువుగా కాదు. గీతకూ గీతకూ మధ్య దూరం ఆ మనిషి వేసే అడుగును బట్టి, సుమారు అడుగున్నర. గచ్చుకు ఎదురు రంగు టేపు వాడాలి. అంచు లేచిన టేపు ఆ రోజే పీకేయాలి, లేకపోతే అదే తన్నుకుంటుంది.

పాతపంచాంగం:
టేపు దాకా ఎందుకు, గడపకు పసుపు రాసే ఇళ్లు మనవి. ఆ పసుపు చారే గురి. తడి పసుపు మీద మాత్రం కాలు జారుతుంది, ఆరనివ్వాలి. గుమ్మం ముందు మెలికల ముగ్గు పనికిరాదు, అడ్డగీతలు వేయండి.

గుడిమెట్టు పద్యంలో నాకు నచ్చింది పావని కాదు, “సరసమాడి”. “ఆడుచు” అని ఉంటే పద్యం తప్పయ్యేది. మాట్లాడుతూ నడవడం రెండు పనులు, కాలు వెంటనే ఆగుతుంది. హాస్యం ముందు, అడుగు తర్వాత. ఈయన క్త్వార్థకం, అంటే ముందు జరిగిన పనిని చెప్పే “ఆడి” లాంటి రూపం, సరిగ్గా వాడటం రెండేళ్లలో ఇదే మొదటిసారి.

గుడిమెట్టు:
ధన్యవాదాలండీ. మీ దూలగొండి పద్యం సంగతి తర్వాత మాట్లాడుకుందాం.

పిల్లకాలువ:
ఆది తాళ మందు నడుగులు వేయుచు
మలుపు వచ్చు వేళ మరచెను లెక్క
పాట సంద్ర మయ్యెఁ బల్లవి పడవాయె
గడప దాటలేక కడలి దాటె

గుడిమెట్టు:
మూడో పాదం అందం. రెండో పాదంలో “ను” ఎక్కువైంది, “మరచె లెక్క” చాలు. తాత తడబడ్డ మలుపులోనే పద్యమూ తడబడింది. ఆ మలుపు ఎందుకు చెడిందో కూడా చెప్పాలి. ఒక కాలి మీద గిర్రున తిరగకూడదు. గదిలో చోటుంటే అర్ధచంద్రంలా చుట్టి రావాలి. పాట దెబ్బ స్పష్టంగా ఉన్నదై ఉండాలి, వేగం మనిషి హాయిగా నడిచే వేగమే ఉండాలి. ఆలాపనకు కాలు కదలదు.

పాతపంచాంగం:
లాగవలదు చేయి లక్ష్మి! నే నొక్కింత
పడవ వలెను పక్క పక్క లూగి
వత్తు నిలువు మంచు వాఁకిటి తాతయ్య
గడప దాటలేక కడలి దాటె

వేపపూత:
పంచాంగం గారూ, మొత్తం ఉపాయం మూడు పాదాల్లో పెట్టారు. ఆగినప్పుడు చెయ్యి పట్టి లాగితే ఒళ్లు ముందుకు, పాదాలు వెనక్కి. మనిషి బోర్లా పడతాడు. ముందు పూర్తిగా ఆగి, ఊపిరి తీసుకుని, బరువు కుడికాలికీ ఎడమకాలికీ మార్చుతూ ఊగి, బరువు లేని కాలితో పెద్ద అడుగు వేయాలి. లక్ష్మి చేయగలిగింది ఒకటుంది. పక్కన నిలబడి ఆయన పాదం ముందు తన పాదం అడ్డంగా పెడితే, ఆయన దాన్ని దాటతాడు.

పిల్లకాలువ:
“మరచె” అని దిద్దుకున్నాను. పద్యంలో తాత నవ్వాడని ఎవరూ రాయలేదేం?

వేపపూత:
మొహం కండరాలు బిగుసుకుని నవ్వు పైకి రాకపోవచ్చు, గొంతూ సన్నగిల్లుతుంది. నవ్వలేదని హాస్యం అందలేదనుకోకూడదు, ఆయన జోకు వేస్తే వినేదాకా ఆగాలి. అందుకే పంచాంగం గారు నవ్వును మొహంలో కాక మాటలో పెట్టడం నాకు నచ్చింది.

గుడిమెట్టు:
పడవ ఊగడం నాకు తట్టనందుకు బాధగా ఉంది. మీది నాకంటే మేలైన పూరణ. ఇక పాత బాకీ. పోయిన నెల మీరు రాసిన పాదం:

“దూలగొండి గింజ దురద వెట్టు”

గణాలు నిఖార్సు, సంగతి తప్పు. దురద గింజది కాదు, కాయ మీది నూగుది. గింజలో ఉన్నది లెవోడోపా, ఈ జబ్బుకు మాత్రలో ఇచ్చే మందే. అలాగని గింజల పొడి సొంతంగా మింగకూడదు. ఒక్కో పొడిలో మందు ఒక్కో పాళ్లలో ఉంటుంది, మాత్రతో కలిస్తే మోతాదు మించి ఒళ్లు మెలికలు తిరుగుతుంది. వాంతులు, కళ్లు తిరగడం కూడా ఉంటాయి. వాడుతుంటే డాక్టరుకు చెప్పి తీరాలి.

నిర్వాహకుడు:
అదే పద్యంలో మాత్రను ముద్దపప్పుతో మింగించారు కూడా. మాంసకృత్తులు ఆ మందుతో పోటీపడి పేగులోంచి సరిగ్గా ఒంటికి ఎక్కనివ్వవు. డాక్టరు వేరుగా చెబితే తప్ప, భోజనానికి అరగంట ముందో, తిన్న గంటకో వేసుకోవాలి. పొద్దున మాత్ర, పెసరట్టు ఒకేసారి కుదరవు.

పాతపంచాంగం:
రెండూ నా తప్పులే. పప్పు పాదం తీసేసి కొత్తది రాస్తాను. మొదటిదానికి ఒక్క మాట చాలు:

“దూలగొండి నూగు దురద వెట్టు”

గుడిమెట్టు:
యతి, గణం, కాయ, అన్నీ కుదిరాయి. బాకీ చెల్లు.