సాయంత్రం మెడికల్ షాపు, పొద్దున కాలేజీ: నిద్ర ఎక్కడ సర్దాలి?

కోవూరు_బీఫార్మ్:
బీఫార్మసీ మూడో సంవత్సరం. ఇల్లు కోవూరు, కాలేజీ నెల్లూరులో 9 నుంచి 4 దాకా. పొగతోటలో మెడికల్ షాపు పని సాయంత్రం 6 నుంచి రాత్రి 11 వరకు. నెలకు రెండు శనివారాలు మాత్రం రాత్రి 10 నుంచి పొద్దున 6 దాకా డ్యూటీ. ఇంటికొచ్చి తిని, 2 దాకా చదివి, 5.30కి లేస్తే మధ్యాహ్నం క్లాసులో ఏమీ ఎక్కదు. తెల్లారుజామున చదివితేనే గుర్తుంటుందని ఇంట్లో అంటారు. పని మానే వీల్లేదు. టైములు ఎట్లా మార్చుకోవాలన్నా?

పెన్నాగట్టు:
తమ్ముడూ, ముందు ఆ 5.30 అలారం తీసెయ్. తెల్లారుజాము చదువు మంచిదనే మాట రాత్రి తొమ్మిదికే దీపాలార్పే ఇళ్లలో పుట్టింది. 2కి పడుకునేవాడికి అది పనికిరాదు. గాఢనిద్ర ఎక్కువగా మొదటి గంటల్లో వస్తుంది, కలల నిద్ర తెల్లారేముందు. మూడున్నర గంటలకే లేస్తే ఈ రెండోది చాలావరకు పోతుంది. చదివింది బుర్రలో కుదురుకునేది నిద్రలోనే కాబట్టి, 2 దాకా చదివిన చదువూ దాంతోపాటే జారిపోతుంది. నీ వయసుకి 7 నుంచి 9 గంటలు కావాలి. 12కి పడుకో, 7కి లెయ్.

చదువుని 4కీ 6కీ మధ్యకు తెచ్చుకో. ఇంటికి పోకుండా కాలేజీ లైబ్రరీలోనే కూర్చో. ముందు అలారం పెట్టుకుని 20 నిమిషాలు బల్ల మీద తల వాల్చు. అరగంట దాటిందా, గాఢనిద్రలోకి జారి, లేచాక తల దిమ్ముగా ఉంటుంది. ఆ తర్వాత గంటంబావు చదువు. చదివినాక పుస్తకం మూసి గుర్తున్నది కాగితం మీద రాయి, తప్పిపోయింది మాత్రమే మళ్లీ చూడు. పడుకునే ముందు ఆ కాగితం పది నిమిషాలు చూస్తే చాలు. రాత్రి భోజనం క్యారియర్లో తెచ్చుకుని 8.30కి షాపులోనే కానివ్వు.

మందులచీటీ:
టీ సంగతి వదిలేశారే! టీలో నిద్రని ఆపేది కెఫీన్. ఒంట్లోకి పోయిన కెఫీన్ సగానికి తగ్గడానికే ఐదారు గంటలు పడుతుంది. రాత్రి 9కి తాగిన టీ 2 గంటలప్పుడు కూడా సగం ఒంట్లోనే ఉంటుంది. 6కి పనిలో దిగేటప్పుడు ఒకటి తాగు, అదే చివరిది.

నిద్ర చాలని చెయ్యి మందు తీసేటప్పుడు తప్పు చేస్తుంది. ఇదే నాకు అన్నిటికంటే ముఖ్యం. షుగర్ మందు మెట్‌ఫార్మిన్‌కి బదులు ఇన్ఫెక్షన్ మందు మెట్రోనిడజోల్, బీపీ మందు ఆమ్లోడిపిన్ 2.5కి బదులు 5. మొదటి అక్షరాలు చూసి చెయ్యి దానంతటదే పోతుంది. రాత్రి 9 దాటాక ప్రతి స్ట్రిప్పూ మూడుసార్లు చదువు: అరలోంచి తీసేటప్పుడు, చీటీ పక్కన పెట్టి, కవర్లో వేసేటప్పుడు. పేరూ మిల్లీగ్రాములూ పైకి చదువు. ఫార్మసిస్టు చూడకుండా ఏదీ ఇవ్వొద్దు. నిద్ర పట్టలేదని, చేతికందుతున్నాయి గదా అని, సెట్రిజిన్ లాంటి అలర్జీ మందులు వేసుకోవద్దు అబ్బయ్యా. ఆ మత్తు మర్నాడు క్లాసు దాకా లాగుతుంది.

హైవే_పక్క:
బండి గురించి ఎవరూ అనలేదు. 5.30కి లేచినవాడికి రాత్రి 10.30కల్లా 17 గంటల మెలకువ. 1997లో అచ్చయిన ఆస్ట్రేలియా పరిశోధనలో, అంతసేపు మేలుకున్నవాడి కన్నూ చెయ్యీ రక్తంలో 0.05 శాతం మద్యం ఉన్నవాడిలాగే పనిచేశాయి. మన చట్టంలో బండి నడిపేవాడికి హద్దు 0.03 శాతం. నువ్వు పెన్నా వంతెన ఎక్కేది 11 దాటినాక.

రాత్రి డ్యూటీ ఉన్న శనివారం సాయంత్రం 7 నుంచి 8.30 దాకా పడుకో. టీ రాత్రి ఒంటిగంట లోపే. 3 నుంచి 5 దాకా ఒంటి వేడి బాగా తగ్గే వేళ, కూర్చుంటే కునుకొస్తుంది. ఆ రెండు గంటలూ నిలబడి అరలు సర్దే పని పెట్టుకో, డబ్బు లెక్కలు వద్దు. పొద్దున బండి అక్కడే పెట్టి బస్సెక్కు. 7 నుంచి 11.30 దాకా పడుకుని లేచెయ్. సాయంత్రం దాకా పడుకుంటే ఆదివారం రాత్రి నిద్ర రాదు, సోమవారం మళ్లీ మొదటికే. పగటి నిద్రకి కిటికీకి మందపాటి దుప్పటి కట్టు. దోమతెర తప్పదు, మన నెల్లూరు దోమల సంగతి తెలిసిందే. ఎండాకాలం మేడ మీద పడుకుంటే 5.30కే వెలుగు లేపుతుంది, కళ్లకి గుడ్డ కట్టుకో.

కోవూరు_బీఫార్మ్:
మరి పరీక్షల వారం?

పెన్నాగట్టు:
టైంటేబుల్ వచ్చిన రోజే ఓనర్‌ని అడుగు, ఆ వారం 9కి వదలమని. ఆ గంటలు పరీక్షలయ్యాక పగలు చేసి తీర్చెయ్. మిగిలిన రెండు గంటల్లో ఒకటి చదువుకి, ఒకటి నిద్రకి.