బాబీ విట్ జూనియర్: షార్ట్‌స్టాప్‌గా ఇంత తేడా ఎలా వచ్చింది?

ప్రశ్న: 2019 డ్రాఫ్ట్‌లో (అమెరికా బేస్‌బాల్ జట్లు కొత్త ఆటగాళ్ళని వంతులవారీగా ఎంచుకునే చోట) కాన్సాస్ సిటీ రాయల్స్ జట్టు రెండో పిక్‌గా తీసుకున్న ఈ కుర్రాడు 2022లో మొదట మూడో బేస్‌లో ఆడాడు. షార్ట్‌స్టాప్‌కి (రెండో, మూడో బేస్‌ల మధ్య ఫీల్డర్ స్థానం) మారాక ఆ ఏడాది తడబడ్డాడు. 2024లో ఉత్తమ ఫీల్డర్‌కిచ్చే గోల్డ్ గ్లవ్ వచ్చేసింది. ఎక్కడ మారిందండీ?

జవాబు 1: ఆ స్థానంలో పనంతా కాళ్ళదే. బ్యాట్ బంతిని తాకే క్షణానికి చిన్న గెంతు వేసి రెండు పాదాలూ నేలకు ఆనాలి. గెంతు ఆలస్యమైతే మొదటి అడుగు పోయినట్టే. బ్యాటర్ మొదటి బేస్‌కి నాలుగున్నర సెకన్లలోపే చేరతాడు. మూడో బేస్ వైపు లోతుగా వెళ్ళి అందుకుంటే విసురు 120 అడుగులు దాటుతుంది. చెయ్యి బలంగా ఉన్న కుర్రాళ్ళు ఇక్కడే దెబ్బతింటారు. పాదం కుదురుకోకముందే విసిరేస్తారు, భుజం ముందే తెరుచుకుని బంతి పక్కకి పోతుంది. గ్లవ్ ముందుగానే నేలకి దించి, కింద నుంచి పైకి అందుకోవడం ఇంకో అలవాటు. పై నుంచి కిందికి దించేవాళ్ళకి బంతి నేల తాకి లేచే ఆఖరి గెంతులో జారిపోతుంది.

జవాబు 2: బ్యాటింగ్ కూడా చూడండి. 2023లో 30 హోమ్ రన్లు, 49 స్టీల్స్ (పిచ్ పడేటప్పుడే పరుగెత్తి తర్వాతి బేస్ పట్టేయడం). 2024లో 32, 31, పైగా .332 సగటుతో అమెరికన్ లీగ్ (మేజర్ లీగ్‌లోని రెండు లీగ్‌లలో ఒకటి) బ్యాటింగ్ టైటిల్, అంటే ఆ లీగ్‌లో అందరికన్నా ఎక్కువ సగటు.

జవాబు 3 (జవాబు 2కి): ఒప్పందం సంగతీ చెప్పాలి. మేజర్ లీగ్ జట్టులో 172 రోజుల సర్వీస్ ఉంటే ఒక ఏడాది లెక్క, ఆరేళ్ళు నిండితేనే ఫ్రీ ఏజెన్సీ (నచ్చిన జట్టుకి వెళ్ళే స్వేచ్ఛ). అంటే విట్‌కి మామూలుగా 2027 తర్వాత. రాయల్స్ 2024 ఫిబ్రవరిలోనే 11 ఏళ్ళకి 28.87 కోట్ల డాలర్లు రాసిచ్చింది. చిన్న మార్కెట్ (ఆదాయం తక్కువ ఉన్న ఊరి) జట్టుకి అది సరైన పని.