గేదెకు మగదూడ పుడితే పాలు వదలరా?

లంకరైతు: మా చుట్టుపక్కల మగదూడలు నెల తిరక్కుండానే పోతున్నాయి. రోగమని చెబుతారు కానీ ఎక్కువ వాటిది ఆకలే. పుట్టిన కొద్ది గంటల్లోనే దూడ ముర్రుపాలు తాగాలి, మొదటి రోజుకు దాని బరువులో పదో వంతు. ఆ పాలు మనం జున్ను వండుకుంటున్నాం. ఇది చంపడమే అంటాను.

పాడిగడప: అనేయడం తేలికండీ. డెయిరీ వాళ్లు వెన్న శాతం చూసి లీటరు లెక్కన డబ్బిస్తారు. దూడ తాగిన పాలకు ఎవరిస్తారు? ట్రాక్టర్లు వచ్చాక దున్నపోతు ఎవరికి కావాలి?

గోపి77: ఆక్సిటోసిన్ సూది వేస్తే దూడ లేకున్నా గేదె పాలు చేపుతుంది కదా.

లంకరైతు: ఆ సూది మాట ఎత్తకు తమ్ముడూ. పాల కోసం పశువు ఆరోగ్యం చెడేలా సూది వేస్తే నేరమని 1960 నాటి జంతుహింస నివారణ చట్టం 12వ సెక్షన్‌లోనే ఉంది. రెండేళ్ల దాకా జైలు.

గోపి77: మరి 2018లో ఆక్సిటోసిన్ ప్రైవేటు తయారీని ఆపితే ఢిల్లీ హైకోర్టు ఆ ఉత్తర్వు కొట్టేసిందిగా?

లంకరైతు: కాన్పయ్యాక ఆడవాళ్ల రక్తస్రావం ఆపడానికి ఆ మందు కావాలి. గేదెల కొట్టంలో వాడుకోమని కోర్టు చెప్పలేదు.

పాడిగడప: నేను సూది ఊసే ఎత్తలేదు. నా ప్రశ్నకు జవాబేదండీ?

పశుమిత్ర: ఎక్కువగా ఆడదూడలే పుట్టే వీర్యం డోసులు వచ్చాయి, అడగండి. మగదైనా ఆడదైనా రెండు వారాల లోపే ఏలిక పాముల మందు తాగించండి. గేదె దూడలు ఆ పాములతోనూ పోతాయి.

లంకరైతు: పుట్టబోయేవి సరే, ఇప్పుడు కట్టేసి ఉన్న దాని సంగతి? ఒక్క చన్ను వదలడానికి చేతులు రావా? కన్నతల్లులు కూడా ఇలా మాట్లాడితే ఎలాగమ్మా?

పాడిగడప: కన్నతల్లి మాట తేవద్దు. గడ్డి కోసేది నేను, పేడ ఎత్తేది నేను. రాత్రి దూడ అరుస్తుంటే నిద్ర పట్టనిది నాకే. పాల డబ్బు మాత్రం మా ఆయన ఖాతాలో పడుతుంది, గేదె లోను వాయిదా అందులోంచే పోతుంది. లీటరు తగ్గిన రోజు మాట పడేది నేను. దూడ మీద జాలి లేక కాదు, వదిలే హక్కు నాకు లేదు.

లంకరైతు: నేను దూడ గురించి అడిగితే మీరు ఇంటి గొడవ చెబుతున్నారు.

పశుమిత్ర: రెండూ ఒకటే అన్నా. పాలు పితికేది ఎవరమ్మా?

పాడిగడప: ఆయనే. రాత్రికి ఫోను ఆయన చేతికిస్తాను. ఒక చన్ను వదలమని మీరే చెప్పండి, నాతో అన్నంత గట్టిగా.