పాత స్పెక్ట్రమ్ ఉంచుకోవాలా, ఎమ్యులేటర్ ఉంటే చాలా?

గాజువాక_48కె

అందరికీ నమస్కారం. మేం ఇల్లు మారుతున్నాం. అటక ఖాళీ చేస్తుంటే నాన్నగారి డీబీ స్పెక్ట్రమ్ ప్లస్ దిగింది. పుణెలోని డెసిబెల్స్ కంపెనీ 1980ల రెండో సగంలో సింక్లెయిర్ లైసెన్సు మీద మన దేశంలో అమ్మిన 48కె (48 కిలోబైట్ల మెమరీ) హోమ్ కంప్యూటర్ అది. దాంతోపాటు ఒక చెప్పుల డబ్బా నిండా క్యాసెట్లు. కొన్ని కొన్న ఆటలు, కొన్నిటి మీద నాన్నగారి చేతిరాత.

కొత్త ఫ్లాట్‌లో చోటు తక్కువ. మా తమ్ముడు "రాస్‌బెర్రీ పై అనే చిన్న కంప్యూటర్‌లో ఎమ్యులేటర్ (పాత మెషీన్‌ని అనుకరించే ప్రోగ్రాం) వేస్తే అదే మెషీన్, అవే ఆటలు, ఈ డబ్బా ఎవరికైనా ఇచ్చేద్దాం" అంటున్నాడు. నాకు మనసొప్పడం లేదు. కానీ వాడికి చెప్పడానికి గట్టి కారణమూ దొరకడం లేదు. అడాప్టర్ కనబడక మెషీన్ ఇంకా ఆన్ చెయ్యలేదు. అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి. ఎమ్యులేటర్ ఉండగా అసలు మెషీన్ ఉంచుకోవడంలో అర్థం ఉందా?

ఎంవీపీ_జెడ్80

మీ తమ్ముడు చెప్పిందే రైటు. ఎమ్యులేటర్ అంటే ఉజ్జాయింపు, అసలు దాని రుచి వేరు అనే మాట 1990ల నాటిది. స్పెక్ట్రమ్ 1982లో వచ్చింది. లోపల 3.5 మెగాహెర్ట్జ్ జెడ్80 ప్రాసెసర్, తెర బొమ్మ పంపే యూఎల్ఏ అనే చిప్పు, 16కె రోమ్ (చెరగని మెమరీ) చిప్పులో బేసిక్ అనే ప్రోగ్రామింగ్ భాష, పైన 48కె మెమరీ. అంతే. నలభై ఏళ్లుగా జనం దాని ప్రతి క్లాకునూ (ప్రాసెసర్ టిక్కునూ) కొలిచి పెట్టారు. తెరమీద ఒక్క ఫ్రేముకి 69,888 క్లాకులు. తెర బొమ్మ ఉండే కింది 16కె మెమరీని యూఎల్ఏ, ప్రాసెసర్ రెండూ వాడుకుంటాయి కాబట్టి యూఎల్ఏ చదువుతున్నంతసేపూ ప్రాసెసర్ ఆగాలి. ఎక్కడ ఎన్ని క్లాకులు ఆగాలో కూడా ఫ్యూజ్ లాంటి ఎమ్యులేటర్ లెక్క తప్పకుండా చేస్తుంది. తెర చుట్టూ ఉండే బోర్డర్‌లో రంగుల చారలు గీసే డెమో ప్రోగ్రాంలు బతికేది ఆ లెక్క మీదే. అవి ఈరోజు ల్యాప్‌టాప్ మీద ఉన్నవి ఉన్నట్టు వస్తాయి.

చట్టం సంగతి ఎవరైనా ఎత్తుతారేమో, ముందే చెప్తున్నా. సింక్లెయిర్ కంప్యూటర్ వ్యాపారాన్ని ఆమ్‌స్ట్రాడ్ 1986లో కొనేసింది. కాపీరైట్ తనదే అంటూనే, ఎమ్యులేటర్లతో పాటు ఆ బేసిక్ చిప్పు కోడ్ పంచుకోవచ్చని 1999లో బహిరంగంగా ఒప్పుకుంది.

మా పాప ఎనిమిదో తరగతి. ఫ్యూజ్‌లోనే బేసిక్ నేర్చుకుంటోంది. అసలు మెషీన్ ముందు కూచోబెడితే ఐదు నిమిషాలు టేపు తిరిగి, చివర్లో "ఆర్ టేప్ లోడింగ్ ఎర్రర్" వచ్చి, మళ్లీ మొదటికి. ఏ పిల్లకి అంత ఓపిక ఉంటుంది? ఆ కంప్యూటర్‌ని ఇవాళ బతికిస్తున్నది ఎమ్యులేటరే. అటక మీద ఉన్న డబ్బా ఎవరికీ ఏమీ నేర్పడం లేదు.

దొండపర్తి_రిపేర్లు

ముందు ఒక హెచ్చరిక, వాదన తర్వాత. ఇంట్లో ఉన్న 9 వోల్టుల అడాప్టర్ ఏదో ఒకటి తెచ్చి దానికి తగిలించకండి బాబూ. స్పెక్ట్రమ్ పిన్నులో మధ్యది నెగెటివ్. బజార్లో దొరికే చాలా అడాప్టర్లకి మధ్యది పాజిటివ్. తిరగబడితే లోపలి వోల్టేజి సర్క్యూట్ పోతుంది. దాని వెనకే కింది 16కె చిప్పులు పోతాయి. ఆ 4116 చిప్పులకి ప్లస్ 12, ప్లస్ 5, మైనస్ 5 మూడూ కావాలి. మైనస్ 5 ఒక్కటి రాకపోయినా అవి కాలిపోతాయి. వీటిని చూడకుండా స్విచ్ వేసి చంపిన మెషీన్లు నా బల్ల మీదకి వస్తూనే ఉంటాయి.

ఇక ఎంవీపీ గారి మాటకి వస్తే, ప్రాసెసర్ లెక్క సరే. కంప్యూటర్ అంటే ప్రాసెసర్ ఒక్కటేనా అండీ? స్పెక్ట్రమ్‌లో జె నొక్కితే "లోడ్" అనే మాట మొత్తం ఒక్కసారే పడుతుంది. పి నొక్కితే "ప్రింట్". ఆ మాటలు కీల మీదే అచ్చువేసి ఉంటాయి. బేసిక్ నేర్చుకునేవాడికి కీబోర్డే సగం పుస్తకం. ల్యాప్‌టాప్‌లో జె మీద జె తప్ప ఏమీ లేదు. సింబల్ షిఫ్ట్ అనే స్పెక్ట్రమ్ కీకి బదులు ఏది నొక్కాలో వెతుక్కోవడంతోనే సరిపోతుంది.

రెండోది తెర. స్పెక్ట్రమ్ సెకనుకి 50 ఫ్రేములు ఇస్తుంది, మన పాత టీవీలూ అంతే. ల్యాప్‌టాప్ తెర 60 ఇస్తుంది. 50ని 60లో సర్దాలి కాబట్టి కొన్ని ఫ్రేములు రెండేసి సార్లు పడతాయి. పక్కకి జరిగే ఆట ఏదైనా చూడండి, సాఫీగా పోవాల్సిన బొమ్మ కుదుపులు కుదుపులుగా పోతుంది. పైగా కీ నొక్కినదానికీ బొమ్మ కదిలినదానికీ మధ్య కొత్త టీవీలు తమ ఆలస్యం తాము కలుపుతాయి. ఇవన్నీ ఎమ్యులేటర్ రాసినవాళ్ల తప్పు కాదు, కానీ ఆడేవాడి చేతికి తెలుస్తాయి.

మన విశాఖ బీచ్ రోడ్డులో కురుసుర సబ్‌మెరైన్ ఉంది. 2001లో నేవీ సెలవిచ్చాక దాన్ని ఒడ్డుకి లాగి, 2002 నుంచి జనానికి చూపిస్తున్నారు. ఆ ఇరుకులో వంగి నడిచిన పిల్లాడికి సబ్‌మెరైన్ అంటే ఏంటో తెలుస్తుంది. కంప్యూటర్‌లో బొమ్మ ఉంది కదా అని దాన్ని తుక్కుకి అమ్మేద్దామా?

ఎంవీపీ_జెడ్80

కురుసుర మళ్లీ నీళ్లలో మునగదు కదా సార్. చూడటానికే ఉంది. ఎమ్యులేటర్ పనిచేస్తుంది. కంప్యూటర్ విషయంలో నాకు పని చేసేదే ముఖ్యం. 50, 60 గొడవ కూడా తెరని బట్టి ఉంటుంది. 50కి మార్చుకోగలిగే మానిటర్ పెట్టుకుంటే ఆ కుదుపు ఉండదు.

సిరిపురం_ఈసీఈ

నేను ఇంజినీరింగ్ మూడో సంవత్సరం. మాకు సిలబస్‌లో మైక్రోప్రాసెసర్ ఉంది కానీ నేను జెడ్80 నిజంగా అర్థం చేసుకున్నది ఎమ్యులేటర్ డీబగ్గర్‌లోనే. ఒక్కో ఇన్‌స్ట్రక్షన్ ఆపి, రిజిస్టర్లు మారడం కళ్లారా చూడొచ్చు. అసలు మెషీన్‌లో అది కుదరదు. అయినా ఒక్కసారి నిజం స్పెక్ట్రమ్ ముట్టుకోవాలని ఉంది. ఎవరైనా చూపిస్తే వస్తాను.

సీతమ్మధార_మాస్టారు

ఇంతమంది మాట్లాడారు, ఆ చెప్పుల డబ్బా గురించి ఎవరూ అడగలేదు. గాజువాక బాబూ, నువ్వు ముందు చూడాల్సింది మెషీన్‌నీ కాదు, ఎమ్యులేటర్‌నీ కాదు. చేతిరాత ఉన్న ఆ క్యాసెట్లని.

అచ్చయిన ఆటలకి వచ్చిన ప్రమాదం ఏమీ లేదు. స్పెక్ట్రమ్ ఆటల ఆర్కైవులు 1990ల నుంచీ ఉన్నాయి. ఒక్కో ఆట వేలమంది దగ్గర కాపీ ఉంటుంది. నీ క్యాసెట్ ఇవాళ తెగినా ఆ ఆటకి ఏమీ కాదు. మీ నాన్నగారు రాసుకున్న ప్రోగ్రాం మాత్రం ప్రపంచం మొత్తంలో ఆ ఒక్క టేపు మీదే ఉంది.

దీని మీద నాకు ఇంత పట్టుదల ఎందుకో చెప్తాను. 1984లో కేంద్ర ప్రభుత్వం క్లాస్ ప్రాజెక్టు అని మొదలుపెట్టింది. దేశంలో సుమారు 250 బడులకి బీబీసీ మైక్రో కంప్యూటర్లు ఇచ్చారు. నేను అప్పుడు పనిచేసిన బడికీ వచ్చాయి. పిల్లలు బేసిక్‌లో ఏవేవో రాసేవారు. హార్బరు పిల్లాడొకడు రేవులో ఏ బెర్తు ఖాళీగా ఉందో, తర్వాత ఏ ఓడ లోపలికి రావాలో చూపించే ప్రోగ్రాం రాశాడు. తెర మీద చుక్కలే ఓడలు. అన్నీ క్యాసెట్లకి ఎక్కించి బీరువాలో పెట్టాం. తర్వాత మెషీన్లు పాతబడ్డాయి, బీరువా అవసరపడింది, డబ్బాలు స్టోర్ రూంకి పోయాయి, అక్కడ వాన నీళ్లు దిగాయి. ఇప్పుడు బీబీసీ మైక్రోకి బ్రౌజర్‌లోనే తెరుచుకునే అద్భుతమైన ఎమ్యులేటర్ ఉంది. నేను అప్పుడప్పుడు తెరుస్తాను. మెషీన్ అచ్చం అలాగే ఉంటుంది. అందులో వెయ్యడానికి ఆ పిల్లాడి ఓడలు లేవు. ఎమ్యులేటర్ ఎంత గొప్పదైనా దానికి తినిపించేది మనం దాచి ఉండాలి.

హుద్‌హుద్ తుపాను వచ్చిన 2014 అక్టోబరు 12 మీ అందరికీ గుర్తుండే ఉంటుంది. మామూలు రోజుల్లోనే మన ఊరి ఉప్పు గాలికి, ఉక్కకి క్యాసెట్లు బూజు పడతాయి. తుపాను లాంటిది ఇంకొకటి వస్తే అటక మీద ఉన్నదేదీ మిగలదు.

పని పెద్దది కాదు. క్యాసెట్ కిటికీలోంచి టేపు చుట్ట అంచు చూడు. తెల్లగా బూజు కనిపిస్తే ప్లేయర్‌లో పెట్టకు, బూజు హెడ్‌కి అంటుకుని మిగతా క్యాసెట్లనీ పాడుచేస్తుంది. వాటిని వేరుగా ఉంచు. శుభ్రంగా ఉన్నవాటిని మంచి టేప్‌రికార్డర్‌లో వేసి, ఇయర్‌ఫోన్ రంధ్రం నుంచి కంప్యూటర్ మైక్‌కి ఒక వైరు. గరగర తగ్గించే డాల్బీ స్విచ్ ఉంటే ఆపెయ్యి. ఆడాసిటీ అనే రికార్డింగ్ ప్రోగ్రాంలో 44.1 కిలోహెర్ట్జ్ దగ్గర వేవ్ ఫైల్‌గా రికార్డ్ చెయ్యి. ఎంపీ3 వద్దు.

మొదట కీమని ఒకే స్వరం వస్తుంది, సుమారు 807 హెర్ట్జ్. అది వినబడుతుండగా ప్లేయర్ హెడ్ పక్కనున్న చిన్న స్క్రూని వెంట్రుకవాసి తిప్పు. శబ్దం ఎక్కడ బాగా పదునుగా వినిపిస్తే అక్కడ ఆపు. స్పెక్ట్రమ్ టేపులో సున్నాకి చిన్న పల్సులు, ఒకటికి సరిగ్గా దానికి రెట్టింపు పొడవు పల్సులు. తేడా అంత ఎక్కువ కాబట్టే ముప్పై ఏళ్ల గరగర మధ్య కూడా డేటా బయటికి వస్తుంది. ఆ తర్వాత వేవ్‌ని టేప్ ఫైల్‌గా మార్చే ప్రోగ్రాంలు ఉచితంగా దొరుకుతాయి, ఫ్యూజ్ వాళ్లదే ఒకటి ఉంది.

దీనికి మెషీన్ అక్కర్లేదు, ఎమ్యులేటర్ మీద నమ్మకం ఉందో లేదో కూడా అక్కర్లేదు. వాదన తీరిగ్గా చేసుకోవచ్చు, టేపు ఆగదు.

ఎంవీపీ_జెడ్80

మాస్టారూ, మీ మాటకి ఎదురు లేదు. చట్టపరంగా కూడా ఇబ్బంది లేదని చెప్పాలి. నాన్నగారి ప్రోగ్రాం మీద హక్కు నాన్నగారిదే. కొన్న ఆటలకైతే మన 1957 కాపీరైట్ చట్టంలో సెక్షన్ 52 ఉంది. సక్రమంగా కొన్న ప్రోగ్రాం పాడవుతుందనుకుంటే జాగ్రత్త కోసం కాపీ చేసుకోవచ్చు. ఆ కాపీని ఊరందరికీ పంచడం మాత్రం అందులోకి రాదు.

టేపులు ఫైళ్లయ్యాక మాత్రం నేను మొదట అన్నదానికే కట్టుబడి ఉన్నాను. మెషీన్ ఉంచుకోవడం ఇష్టం, అవసరం కాదు.

దొండపర్తి_రిపేర్లు

మాస్టారు చెప్పింది ముందు చెయ్యాలి, ఒప్పుకుంటున్నాను. కానీ టేపు నుంచి తీసిన ఫైల్ సరిగ్గా ఉందో లేదో ఎమ్యులేటర్‌ని ఎమ్యులేటర్‌తోనే సరిచూస్తామా? ఎప్పుడైనా అనుమానం వస్తే పోల్చడానికి నిజం మెషీన్ ఒకటి ఊళ్లో నడుస్తూ ఉండాలి. ఎమ్యులేటర్లు రాసినవాళ్లు అంత కచ్చితంగా రాయగలిగారంటే ముందర బల్ల మీద అసలుది పెట్టుకుని కొలవబట్టే. కొలిచేవాటినే పారేస్తే రేపటివాళ్లు దేన్ని కొలుస్తారు?

గాజువాక బాబూ, ఇచ్చెయ్యాలనే అనుకుంటే తుక్కు కొట్టుకి మాత్రం ఇవ్వకు. తీసుకురా, నేను తెరిచి చూస్తాను. ప్లస్‌లో ఎక్కువగా పోయేది కీబోర్డు కింది పల్చటి పొర. రిబ్బన్ మడత దగ్గర ఎండిపోయి విరుగుతుంది. కొత్త పొరలు ఇప్పటికీ తయారవుతున్నాయి. టీవీ యాంటెనా దారి కూడా వద్దు, లోపల మాడ్యులేటర్ దగ్గర ఒక్క వైరు మార్చి ఇప్పటి టీవీ ఏవీ ఇన్‌పుట్‌కి ఇస్తాను.

గాజువాక_48కె

అందరికీ థాంక్స్. మాస్టారు చెప్పినట్టే చేశాం. పక్కింటి వాళ్ల టేప్‌రికార్డర్ తెచ్చి, తమ్ముడే స్క్రూ తిప్పాడు. రెండు క్యాసెట్లకి బూజు ఉంది, పక్కన పెట్టాం. "తెలుగు-2" అని రాసి ఉన్నది మాత్రం చాలావరకు చదివింది.

ఫ్యూజ్‌లో వేస్తే దానంతట అదే రన్ అయిపోయి తెర మీద వంకర గీతలు వచ్చాయి. నాన్నగారిని పిలిచాం. ఆయన చూసి, అది లోడ్ చెయ్యకండి, మెర్జ్ చెయ్యండి, అప్పుడు దానంతట రన్ అవకుండా లిస్టింగ్ కనిపిస్తుంది అన్నారు. చేశాం. స్పెక్ట్రమ్‌లో మనం సొంతంగా గీసుకునే అక్షరాలకి ఇచ్చిన చోటు 21 మాత్రమే, ఒక్కోటి 8 చుక్కల వెడల్పు, 8 చుక్కల ఎత్తు. తెలుగుకి అది ఏ మూలకి? అందుకని నాన్నగారు మెమరీలో 23606 దగ్గర పోక్ చేసి (అంటే అక్కడి అంకె మార్చి), మొత్తం అక్షరాల పట్టీనే వేరే చోటికి మళ్లించారు. ఒత్తులు ఒక గడిలో పట్టక కింది వరసలో ఇంకో గడి వాడారు. "స్త్రీ" కోసం ఎన్ని గడులు పట్టాయో వేళ్లతో చూపించారు. వంకర గీతలు రావడానికి కారణం, పట్టీ ఉన్న రెండో బ్లాకు సగంలో ఆగిపోవడం.

మాస్టారూ, ఒక సందేహం. ఆ రెండో బ్లాకులో ఒక చోట శబ్దం క్షణం పాటు పడిపోతోంది. ఎలా తీయాలి? మెషీన్‌ని ఆదివారం దొండపర్తి తీసుకొస్తున్నాను. సిరిపురం తమ్ముడూ, నువ్వూ రా. ఇచ్చెయ్యడమా ఉంచడమా అన్నది నాన్నగారు అది నడిచాక చెప్తానన్నారు.

సీతమ్మధార_మాస్టారు

అదే చోటుని మూడు నాలుగు సార్లు రికార్డ్ చెయ్యి, ప్రతిసారీ స్క్రూ కొద్దిగా మార్చి. ఒకసారి పడిపోయిన చోట ఇంకోసారి నిలబడుతుంది. ఆడాసిటీలో రెండు రికార్డింగులూ పక్కపక్కన పెట్టి, బాగున్న ముక్కని అతికించు. బ్లాకు చివర చెక్‌సమ్ (డేటా సరిచూసే అంకె) ఉంటుంది కాబట్టి అతుకు సరిపోయిందో లేదో అదే చెప్తుంది. అప్పటికీ రాకపోతే వేవ్ నాకు పంపు. స్టీరియో ప్లేయర్ అయితే ఎడమ, కుడి ఛానెళ్లు వేరువేరుగా కూడా ప్రయత్నించు, ఒకదాంట్లో తెగినది రెండోదాంట్లో ఉండొచ్చు. బూజు పట్టిన ఆ రెండిటినీ ఆదివారం విడిగా కవర్లో పెట్టి పట్టుకురా, నేనూ వస్తాను.