జీన్సు కొనాలి: పర్యావరణానికి తక్కువ హాని చేసేదాన్ని ఎలా గుర్తుపట్టాలి?

ప్రశ్న (మద్దిలపాలెం నుంచి)

అందరికీ నమస్కారం. మా అబ్బాయి ఈ ఏడాది ఇంజనీరింగులో చేరుతున్నాడు. ఉన్న రెండు జీన్సు ప్యాంట్లూ పొట్టివైపోయాయి. పోయిన ఏడాది ఒక పెద్ద దుకాణంలో ఆకు బొమ్మ, "పర్యావరణహితం" అనే మాట ఉన్న చీటీ చూసి, మామూలు ధరకు మరో ఏడెనిమిది వందలు కలిపి ఇంకొకటి కొన్నాను. ఎనిమిది నెలలు తిరగకుండానే అది తొడల మధ్య అరిగి చిరిగింది. మొదటిసారి ఉతికినప్పుడు బకెట్టులో నీళ్లు సిరా కలిపినట్టు నల్లబడ్డాయి. వాటిని కాలువలో పోయడానికి చేతులు రాలేదు.

"ఒక్క జీన్సుకు వేల లీటర్ల నీళ్లు పడతాయట, అసలు కొనకపోతే ఏమవుతుందమ్మా?" అని వాడు అడుగుతున్నాడు. నా దగ్గర జవాబు లేదు. రెండింటికీ కలిపి నాలుగు వేలకు మించి పెట్టలేను. దుకాణంలో నిలబడినప్పుడు ఏం చూడాలి? ఏ గుర్తును నమ్మాలి? మన విశాఖ ఉక్కపోతకు అసలు జీన్సు సరిపోతుందా?

గాజువాక నుంచి

ముందు ఆ పొట్టివైన రెండింటినీ తిరగేసి చూడండి. కొన్నప్పుడు పొడవు తగ్గించి కుట్టించి ఉంటే, కింది మడతలో గుడ్డ మిగిలే ఉంటుంది. మా ఇంట్లో అలా విప్పి మరో ఏడాదిన్నర తొడిగాడు మావాడు.

అచ్యుతాపురం నుంచి (దుస్తుల తయారీలో 22 ఏళ్లు నాణ్యత తనిఖీ పని చేశాను)

అమ్మా, అబ్బాయి అడిగినది సరైన ప్రశ్న. ముందు దానికే జవాబు చెబుతాను.

లీవైస్ కంపెనీ 2015లో తన 501 రకం జీన్సు మీద లెక్క వేసింది. పత్తి చేను మొదలుకొని చివరికి పారేసేదాకా ఒక ప్యాంటుకు సుమారు 3,781 లీటర్ల నీరు పడుతుందని తేలింది. అందులో 68 శాతం పత్తి పండించడానికే పోతోంది. 23 శాతం మనం ఇంట్లో ఉతకడానికి పోతోంది. మన దేశంలో పత్తి ఎక్కువగా వాన మీదే పండుతుంది కనుక, నీటి లెక్క చేను చేనుకూ మారుతుంది. ఒకటి మాత్రం ఎక్కడైనా మారదు. నీళ్లలో పెద్ద వాటా ప్యాంటు దుకాణానికి చేరేలోపే ఖర్చయిపోయి ఉంటుంది. కాబట్టి రెండేళ్లు తొడిగే దానికన్నా ఆరేళ్లు తొడిగే దానివల్ల హాని తక్కువ. మీ ఆకు బొమ్మ ప్యాంటు ఎనిమిది నెలలకే చిరిగింది. ఆ పత్తి నిజంగా సేంద్రియమే అయినా, అది పర్యావరణానికి చేసిన మేలు ఏమీ లేదు.

ఇక రంగు. జీన్సుకు వేసే నీలిమందు నీళ్లలో కరగదు. మిల్లుల్లో సాధారణంగా సోడియం హైడ్రోసల్ఫైట్, కాస్టిక్ సోడా అనే రసాయనాలు కలిపి కరిగించాకే దారానికి పడుతుంది. రంగు తొట్టిలోంచి పైకి వచ్చినప్పుడు దారం పసుపుపచ్చగా, కొంచెం ఆకుపచ్చగా ఉంటుంది. గాలి తగిలాక చూస్తుండగానే నీలంగా మారుతుంది. అలా ముంచి, ఆరబెట్టి, మళ్లీ ముంచుతారు. ఎన్నిసార్లు ముంచినా రంగు దారం పైపొరలోనే నిలుస్తుంది, లోపల తెల్లగానే ఉంటుంది. మీ చిరిగిన ప్యాంటు నుంచి ఒక నీలం పోగు లాగి గోటితో గీకితే ఆ తెలుపు కనిపిస్తుంది. జీన్సు వెలిసేది అందుకే, మీ బకెట్టు నల్లబడినదీ అందుకే. అసలు ప్రమాదం ఆ తొట్టిలోని నీటిని శుద్ధి చేయకుండా వదిలేసినప్పుడు. తిరుప్పూరులో నొయ్యల్ నది అలా పాడైంది. చివరకు 2011లో అక్కడి రంగుల మిల్లులను మూసేయాలని మద్రాసు హైకోర్టు ఆదేశించాల్సి వచ్చింది.

అందుకే నా మొదటి సలహా: ముందే వెలిసినవి, మోకాళ్ల దగ్గర చింపినవి కొనవద్దు. కొత్త గుడ్డను పాతదానిలా చూపించడానికి రాళ్లతో కలిపి ఉతుకుతారు, పొటాషియం పర్మాంగనేటు చల్లుతారు. కొన్నిచోట్ల ఇసుకను గాలి ఒత్తిడితో కొట్టేవారు. ఆ దుమ్ము పీల్చిన కుర్రవాళ్లకు ఊపిరితిత్తులు పాడై ప్రాణాలే పోవడంతో టర్కీ 2009లో ఆ పనిని నిషేధించింది. ఈ విషయం చెబుతుంటే ఇప్పటికీ నా గొంతు పూడుకుపోతుంది. ముదురు నీలం సాదా ప్యాంటు కొనండి, అబ్బాయి వాడుకతో అదే అందంగా వెలుస్తుంది. పైగా ముందే వెలిసేలా చేసిన గుడ్డ తన ఆయుష్షులో కొంత మిల్లులోనే పోగొట్టుకుని వస్తుంది.

దుకాణంలో ముందు లోపలి చీటీ చదవండి. పత్తి 98 నుంచి 100 శాతం ఉండాలి. సాగడం కోసం ఎలాస్టేన్ రెండు శాతం దాకా ఉన్నా ఫర్వాలేదు. పాలిస్టర్ ఇరవై, ముప్పై శాతం ఉంటే పక్కన పెట్టేయండి. ఉతికినప్పుడల్లా దాని నుంచి కంటికి కనపడని ప్లాస్టిక్ పోగులు నీళ్లలో కలుస్తాయి, మనకు సముద్రం ఎంతో దూరంలో లేదు. తర్వాత ప్యాంటును తిరగేయండి. నాలుగు కుట్లు కలిసే చోట, అంటే తొడల మధ్య, రెండు వరుసల కుట్టు ఉందా, దారం చివరలు వేలాడుతున్నాయా చూడండి. అక్కడి గుడ్డను రెండు బొటనవేళ్లతో పట్టి లాగండి. కుట్టు రంధ్రాలు వెడల్పై వెలుతురు కనిపిస్తే అది నిలవదు. జేబు లోపలి గుడ్డ పల్చని వలలా ఉంటే మిగతా చోట్లా పొదుపు చేశారనే అర్థం.

మన ఊరికి 10, 11 ఔన్సుల గుడ్డ సరిపోతుంది. చదరపు గజం గుడ్డ బరువును అలా చెబుతారు. 14 ఔన్సులది వానాకాలంలో రెండు రోజులకూ ఆరదు. మరీ తేలికదైతే త్వరగా అరుగుతుంది.

చీటీ మీద నమ్మకం కుదరకపోతే, ఇంటికి వచ్చాక లోపలి అంచు నుంచి రెండు పోగులు లాగి పళ్లెంలో వెలిగించండి. పత్తి కాగితం కాలిన వాసనతో కాలి మెత్తని బూడిద అవుతుంది. పాలిస్టర్ ముడుచుకుని, కరిగి, గట్టి పూసలా మిగులుతుంది.

ద్వారకానగర్ నుంచి (వినియోగదారుల కేసులు చూసే న్యాయవాదిని)

గుర్తుల సంగతి నేను చెబుతాను. జి.ఓ.టి.ఎస్. అంటే సేంద్రియ బట్టలకు ఉన్న అంతర్జాతీయ ప్రమాణం. ఆ గుర్తు దగ్గర "సేంద్రియం" అని ఉంటే నూలులో కనీసం 95 శాతం సేంద్రియ పోగు ఉండాలి. "సేంద్రియ పోగుతో తయారైనది" అని ఉంటే 70 శాతం చాలు. రంగుల వాడకానికీ, మురుగునీటి శుద్ధికీ కూడా అందులో నియమాలున్నాయి. గుర్తు పక్కన ధ్రువీకరించిన సంస్థ పేరు, లైసెన్సు నంబరు ఉండి తీరాలి. ఆ నంబరును వాళ్ల వెబ్‌సైటులో అక్కడికక్కడే ఫోనులో చూసుకోవచ్చు. ఓకో-టెక్స్ స్టాండర్డ్ 100 అంటే వేరు. చేతికి వచ్చిన గుడ్డలో ఒంటికి హాని చేసే రసాయనాలు లేవని పరీక్షించినట్టు మాత్రమే. చేను గురించి, నది గురించి అది ఏమీ చెప్పదు.

ఉత్త ఆకు బొమ్మకు విలువ లేదు. ఆధారం చూపకుండా పర్యావరణహితమని ప్రకటించుకోవడాన్ని అడ్డుకోవడానికి కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2024 అక్టోబరులో మార్గదర్శకాలు ఇచ్చింది. మీ దగ్గర బిల్లు, ఆ చీటీ ఉంటే 1915కు ఫోను చేసి ఫిర్యాదు నమోదు చేయించండి. వదిలేయకండి.

మద్దిలపాలెం నుంచి

అందరికీ కృతజ్ఞతలు. చీటీ పారేశాను, బిల్లు మాత్రం ఉంది. ఇంకొక సందేహం: మొదటి ఉతుకులో ఉప్పు, వెనిగర్ వేస్తే రంగు నిలుస్తుందని మా వదిన అంటున్నారు. నిజమేనా?

అచ్యుతాపురం నుంచి

నీలిమందు విషయంలో కాదమ్మా. అది పోగుతో బంధం వేసుకోదు, పైన పేరుకుని ఉంటుంది అంతే. ఉప్పు దాన్ని పట్టి ఉంచలేదు. తిరగేసి, చల్లని నీళ్లలో, కొంచెం సబ్బుతో, ముదురు బట్టలతో కలిపి ఉతకండి, నీడలో ఆరవేయండి. జీన్సును నెలల తరబడి ఉతకవద్దనే సలహా చలిదేశాలకు సరిపోతుంది. మన చెమటకు నాలుగైదు సార్లు తొడిగాక ఉతకాల్సిందే. ఆ మధ్య రోజుల్లో రాత్రిపూట గాలి తగిలేలా తీగ మీద వేయండి. వానల్లో తడి ఉండగా బీరువాలో పెడితే బూజు పట్టి పోగు చివికిపోతుంది.

కంచరపాలెం నుంచి (దర్జీ)

అక్కా, ఆ చిరిగినదాన్ని పారేయకండి. తొడల దగ్గర లోపలి వైపు పాత జీన్సు ముక్క వేసి, పైనుంచి అదే రంగు దారంతో దగ్గర దగ్గరగా మిషను కుట్టు నడిపితే మళ్లీ తొడగవచ్చు. చిల్లు పడేదాకా ఆగకుండా, గుడ్డ పల్చబడి తెల్లదారాలు కనిపించినప్పుడే తెస్తే పని ఇంకా బాగా కుదురుతుంది. నూటయాభై రూపాయలు దాటదు.

శ్రీకాకుళం జిల్లా నుంచి (ప్రస్తుతం విశాఖలో ఉద్యోగం)

రెండూ జీన్సులే ఎందుకు? ఒకటి జీన్సు, మరొకటి చేనేత నూలు గుడ్డ కొని కుట్టించిన ప్యాంటు పెట్టుకోండి. ఈ ఉక్కలో ఒంటికి హాయి. మా పొందూరులో ఇప్పటికీ వాలుగ చేప దవడతో పత్తిని దువ్వి, చేత్తో వడికి, మగ్గం మీద నేస్తారు. దువ్వేటప్పుడు దవడ పళ్ల మీద పత్తి మంచులా తేలుతుంది, మా నాయనమ్మ పక్కన కూర్చుని ఎన్నోసార్లు చూశాను. సన్నఖాదీ ధర ఎక్కువ కనుక రోజూ కళాశాలకు అది కుదరకపోవచ్చు. పండుగకు ఒక చొక్కా గుడ్డ తీసుకోండి. విశాఖ నుంచి మెయిన్ లైనులో పొందూరుకు స్టేషను కూడా ఉంది. బయట కొంటే ఖాదీ మార్కు చూసి కొనండి, మిల్లు గుడ్డను ఖాదీ పేరుతో అమ్మేవారూ ఉన్నారు.

మద్దిలపాలెం నుంచి

నిన్న వెళ్లి వచ్చాం. జగదాంబ దగ్గర నాలుగు దుకాణాలు తిరిగాం. బొటనవేళ్లతో లాగి చూస్తుంటే సేల్స్ అబ్బాయి మొదట విసుక్కున్నాడు, కారణం చెప్పాక తనే ఇంకో రెండు తిరగేసి చూపించాడు. నూరు శాతం పత్తి, ముదురు నీలం, 1,850 రూపాయలు, ఒక్కటే కొన్నాం. పాతవాటిలో ఒకదానికి మడత విప్పితే రెండంగుళాలు వచ్చింది. మడతలో దాగిన చోట ముదురు నీలం పట్టీ కనిపిస్తోంది. కుట్టి సరిచేయిస్తానంటే వాడు అలాగే ఉంచమన్నాడు.

కంచరపాలెం తమ్ముడూ, చిరిగినదాన్ని శనివారం సాయంత్రం తెస్తాను. లోపల వేయడానికి ముక్క మా రెండో పాత ప్యాంటు నుంచే కత్తిరించుకోవచ్చా?

కంచరపాలెం నుంచి

తీసుకురండి అక్కా. దాన్ని ఒకసారి ఉతికి తెండి. ముక్కను మోకాలి కింది భాగం నుంచి తీస్తాను, అక్కడి గుడ్డ తక్కువ అరిగి ఉంటుంది.