క్యారెట్ గింజల నూనె రాసుకుంటే నిజంగా ఎండ ఆగుతుందా?

ఇంట్లో సబ్బులు చేసి చుట్టాలకు ఇస్తుంటాను, అంతకు మించి అనుభవం లేదు. మొన్న మా చెల్లి "అక్కా, కెమికల్స్ లేని సన్‌స్క్రీన్ చేసివ్వవా" అంటే కలబంద గుజ్జు, కొబ్బరి నూనె, క్యారెట్ గింజల నూనె కలిపి చిన్న డబ్బాలో పోసిచ్చాను. దీనికి ఎస్‌పీఎఫ్ (ఎండ నుంచి ఎంత కాపాడుతుందో చెప్పే అంకె) 38 దాకా ఉంటుందని నేను చూసిన వీడియోలో ఆవిడ అంత ధీమాగా చెప్పింది మరి! పాపం అది రాసుకుని మిర్చి కళ్లంలో రెండు గంటలు నిలబడితే, సాయంత్రానికి మెడ వెనక జాకెట్ అంచు దాకా ఎర్రగా కమిలిపోయి, చెయ్యి వేస్తే మంట.

తర్వాత చదివితే గ్రీన్ టీ, కలబంద లాంటివి యాంటీఆక్సిడెంట్లుగా కొంత పనికొస్తాయట గానీ అతినీలలోహిత కిరణాలను ఆపేంత బలం లేదట. ఎస్‌పీఎఫ్ 30 అంటే యూవీబీని (చర్మాన్ని కమిలించే రకం అతినీలలోహిత కిరణాలను) సుమారు 97 శాతం ఆపాలి, అదీ చర్మం మీద చదరపు సెంటీమీటరుకు 2 మిల్లీగ్రాముల మందాన రాస్తేనే. మనం అంత రాస్తామా అసలు?

సన్‌స్క్రీన్లలో ఎండను ఆపడానికి వాడే జింక్ ఆక్సైడ్ పొడి కూడా కలిపి చూశాను, తెల్లటి ఉండలు కట్టింది. అది సమంగా కలిసేలా ఇంట్లో చేయడం కుదురుతుందా, లేక కొనుక్కోవడమే మంచిదా? ఫార్మసీ, కాస్మెటిక్స్ తెలిసినవాళ్లు కాస్త చెప్పండి, చెల్లి ఇంకో డబ్బా అడుగుతోంది.