నలభై నాలుగేళ్ళకే అమ్మమ్మ ముసలిదైపోయిందా, నలభై ఎనిమిదికి నేను ఇంకా కుర్రోడినా?

కోట_జంక్షన్ (విజయనగరం):
మేనల్లుడి పెళ్ళి వీడియోకి పాత ఫోటోలు కావాలంటే ఆదివారం అటకమీంచి ట్రంకుపెట్టె దింపాను. అందులో మా అమ్మ పెళ్ళిలో తీసిన ఫోటో ఒకటి దొరికింది, అమ్మమ్మ ఒక్కత్తే కుర్చీలో కూర్చుని ఉంది. బుగ్గలు లోపలికి పోయాయి, పైవరసలో పళ్ళు లేవు, జుట్టు ముడి గోలీకాయంత, కమ్మల బరువుకి చెవులు సాగిపోయి ఉన్నాయి. వెనక్కి తిప్పితే చిన్నమావయ్య చేతిరాత "అమ్మ, 44 సం., 1974". ఫ్యామిలీ గ్రూపులో పెట్టి వయసెంతో చెప్పండర్రా అంటే ఒకరు అరవై అయిదన్నారు, ఒకరు డెబ్భై అన్నారు, మా అమ్మాయి అయితే "ఈవిడ మీకు ముత్తవ్వా నాన్నా" అంది. నాకిప్పుడు నలభై ఎనిమిది, మొన్ననే జీన్స్ కొనుక్కున్నాను, పొద్దున్నే షటిల్ ఆడుతున్నాను, ఎవరైనా అంకుల్ అంటే ఇప్పటికీ లోపల చివుక్కుమంటుంది.

చర్చ ఏంటంటే, అప్పటోళ్ళు నిజంగానే తొందరగా ముసలోళ్ళయిపోయీవారా, లేకపోతే మనమే ఒప్పుకోవట్లేదా? నా ఓటు రెండోదానికి. రంగేసుకుంటున్నాం, పళ్ళు కట్టించుకుంటున్నాం, ఒళ్ళు మాత్రం అదే ఒళ్ళు. చత్వారం అన్న మాటలోనే నలభై ఉంది కదా, మా తాతకి నలభైకొచ్చింది, నాకు నలభై ఒకటికి వచ్చింది. రెండు తరాలు గడిస్తే మనం సాధించింది ఒక్క ఏడు.

గరివిడి_గుంటడు:
జీన్స్ నడుం సైజెంతో కూడా చెప్పండి అంకుల్, అప్పుడు ఓటేస్తాం 😄

నాగావళి_నీళ్ళు (శ్రీకాకుళం):
ఇందులో చర్చకేముంది. స్వతంత్రం వచ్చినప్పుడు మన దేశంలో సగటు ఆయుర్దాయం 32, ఇప్పుడు 70 చుట్టుపక్కల. 32కి పోయే లెక్కలో నలభై నాలుగు అంటే ముసలితనమే, 70 లెక్కలో అది నడివయసు. ఫోటోలో తప్పేం లేదు, మీరు కుర్రోళ్ళనుకోవడంలోనూ తప్పు లేదు, స్కేల్ సాగింది అంతే.

రాజాం_మాస్టారు:
నీళ్ళు గారూ, సగటుని అలా చదవకూడదు బాబూ, క్లాసులో ఇలా చెప్తే మార్కులు కోసేసేవాడిని. మా నానమ్మకి తొమ్మిది కాన్పులు, దక్కినవాళ్ళు నలుగురు. పోయిన ఐదుగురూ అయిదేళ్ళ లోపే పోయారు. సగటు 32కి దిగేది అలాంటి పసిపిల్లల వల్ల, నలభై రాగానే అందరూ కట్టెలమీదకి ఎక్కేయడం వల్ల కాదు. ఆ నలుగురిలో ముగ్గురు డెబ్భై దాటారు.

ఇంకో మాట. గిడుగు రామమూర్తి పంతులుగారు 1863లో శ్రీముఖలింగం దగ్గర పర్వతాలపేటలో పుట్టారు. పర్లాకిమిడిలో ఉద్యోగం మానేసింది 1911లో, అంటే ఇంచుమించు కోట_జంక్షన్ గారి వయసులో. వాడుక భాష కోసం ఊరూరూ తిరిగి పోట్లాడింది ఆ తరవాతే. సవర భాషకి వ్యాకరణం అచ్చయింది 1931లో, నిఘంటువు 1938లో, అప్పటికి ఆయనకి డెబ్భై అయిదు. విజయనగరం సంగీత కళాశాల 1919లో పెట్టినప్పుడు మొదటి ప్రిన్సిపాల్ ఆదిభట్ల నారాయణదాసుగారు, ఆయన పుట్టింది 1864. యాభై అయిదేళ్ళకి కొత్త ఉద్యోగంలో చేరిన మనిషిని అప్పట్లో ఎవరూ ముసలాడని ఇంట్లో కూర్చోబెట్టలేదు.

ఉద్దానం_జీడిపిక్క:
మాస్టారూ, పంతుళ్ళ పేర్లే చెప్తారేటండీ. నాగలి పట్టినోడు, జీడిపిక్కలు కొట్టిన ఆడమనిషి డెబ్భై అయిదేళ్ళకి ఏటి చేసీవారో అదీ చెప్పండి.

రాజాం_మాస్టారు:
ఒప్పుకుంటున్నాను. వాళ్ళ గురించి రాసిపెట్టినవాళ్ళు లేరు.

పైడితల్లి_పిల్ల (విజయనగరం):
నేను గజపతినగరం వైపు ఒక ఊళ్ళో ఏఎన్నెం నర్సుని, నాకు నలభై ఒకటి. మీరందరూ సంవత్సరాలు లెక్కేస్తున్నారు గానీ ఆడదాని వయసు మన వైపు ఎప్పుడూ సంవత్సరాల్లో లెక్కపెట్టలేదు. ఇంట్లో కోడలు అడుగుపెడితే అత్త ముసలిది, అంతే. మా నానమ్మకి ముప్పై ఏడో ముప్పై ఎనిమిదో ఉన్నప్పుడు మా అమ్మ కోడలిగా వచ్చిందంట. ఆ వారంలోనే నానమ్మ మంచం గదిలోంచి వసారాలోకి వచ్చేసింది. ఎవరూ మార్చమని చెప్పలేదు, తనే మార్చుకుంది. పూలు పెట్టుకోవడం మానేసింది, పెట్టెలో ఉన్న రెండు రంగు చీరలు కోడలికిచ్చేసింది. తమాషా ఏంటంటే మరుసటేడు ఆవిడకీ కడుపొచ్చింది, మా అమ్మకీ అప్పుడే మూడో నెల. కోడలు కడుపుతో ఉండగా అత్త నీళ్ళోసుకోవడం అంటే తల తీసేసినట్టు కదా, ఎండాకాలంలో కూడా ఒంటిమీద దుప్పటి కప్పుకుని తిరిగేదంట. మా ఆఖరి బాబాయి, మా అన్నయ్య మధ్య తేడా కొద్ది నెలలే, ఇద్దరూ ఒకే బళ్ళో ఒకే తరగతి.

ఇంక ఫోటోలో పళ్ళు లేకపోవడం గురించి. అన్నయ్యగారూ, మీ అమ్మమ్మ అడ్డపొగ పీల్చేవారా? మా నానమ్మ పీల్చేది, చుట్ట వెలిగించి నిప్పున్న కొస నోట్లో పెట్టుకునేది, గాలికి ఆరిపోదు, పిల్లల మీద నిప్పురవ్వ పడదు, చేతులు రెండూ ఖాళీగా ఉంటాయి, నోట్లో చుట్టతోనే నాట్లేసేది. అంగిలి మొత్తం తెల్లగా పాలిపోయి ఉండేది. మన జిల్లాల్లో ఆడవాళ్ళకి అంగిట్లో కేన్సర్ దీనివల్లే వస్తోందని డాక్టర్లు ఎన్నో ఏళ్ళుగా చెప్తూనే ఉన్నారు. మా నానమ్మ మొహం ముసలిదిగా కనబడిందంటే సగం చుట్ట, సగం పదకొండు కాన్పులు.

అలాగని ఇప్పుడు బాగుపడిపోయాం అంటే మాత్రం నేను ఒప్పుకోను. నా రిజిస్టర్లో ముప్పై ఒకటికే గర్భసంచి తీయించేసుకున్నవాళ్ళు ఉన్నారు. సర్వేల ప్రకారం మన రాష్ట్రంలో నలభై తొమ్మిదేళ్ళ లోపు ఆడవాళ్ళలో నూటికి దాదాపు తొమ్మిదిమందికి ఆ ఆపరేషన్ అయిపోయింది, దేశంలో ముందు వరసలో మనమే. పద్దెనిమిదికి పెళ్ళి, ఇరవై నాలుగు లోపు ఇద్దరు పిల్లలు, కుటుంబ నియంత్రణ ఆపరేషన్, తరవాత ఎప్పుడో కడుపులో నొప్పని వెళ్తే "ఇంక దీనితో పనేముందమ్మా" అని అదీ తీసేస్తారు. ముప్పై అయిదేళ్ళ మనిషి నా ముందు బల్లమీంచి లేవడానికి మోకాళ్ళు పట్టుకుంటుంది. ఆవిడ నైటీ వేసుకుంటుంది, రీల్స్ చూస్తుంది, జుట్టుకి రంగేసుకుంటుంది. ఫోటోలో ముప్పైలా ఉంటుంది. ఎముకలు మాత్రం మా నానమ్మవే.

గరివిడి_గుంటడు:
అక్కా ఇది చదివాక జోకెయ్యడానికి నోరు రాట్లేదు. మా అమ్మకీ ముప్పై మూడుకే తీసేసారు.

పైడితల్లి_పిల్ల:
అమ్మని ఒకసారి కాల్షియం, ఎముకల పరీక్ష చేయించుకోమను తమ్ముడూ. నవ్వొచ్చే సంగతి కూడా ఒకటి చెప్తాను ఉండు. 2020లో చేయూత పథకం వచ్చింది కదా, నలభై అయిదు నుంచి అరవై లోపు ఎస్సీ, ఎస్టీ, బీసీ, మైనారిటీ ఆడవాళ్ళకి ఏడాదికి 18,750. అంతవరకూ వయసడిగితే కొంగు అడ్డం పెట్టుకుని ఐదేళ్ళు తగ్గించి చెప్పీవోళ్ళు అందరూ ఒక్కసారిగా నలభై అయిదు అయిపోయారు. నలభై రెండున్న ఒకావిడ "ఆధార్‌లో మూడేళ్ళు ముందుకి జరపడం అవదేటమ్మా" అని నన్నే అడిగింది. నడివయసుకి మన ఊళ్ళలో ఒక డబ్బు విలువ వచ్చింది అదే మొదటిసారి అనుకుంటా.

ఉద్దానం_జీడిపిక్క:
మాది సోంపేట దగ్గర. నేను లెక్కలు చెప్పను, మా ఇంట్లో సంగతి చెప్తాను. 2018 అక్టోబర్ 11 తిత్లీ తుపానుకి మా కొబ్బరితోట మొత్తం పడుకుండిపోనాది, తెల్లారి చూస్తే నిలబడ్డ చెట్లు వేళ్ళమీద లెక్కెట్టొచ్చు. మా అయ్యకి అప్పుడు యాభై మూడు. మళ్ళీ మొక్కేస్తే కాపుకి రావడానికి ఆరేడేళ్ళు పడతాది. మా ఊళ్ళో నలభై దాటినోళ్ళు సేనామంది మొక్క వెయ్యలేదు, మేం తినీదెప్పుడు అని భూములు అలా వదిలీసి చెన్నై, హైదరాబాద్ బిల్డింగ్ పనులకి ఎల్లిపోనారు. మా అయ్య మాత్రం "నాకేటి ముసలితనం వచ్చేసిందేటిరా" అని నూట పది మొక్కలు పాతినాడు. బోరింగు కాడ్నుంచి బిందెలు మోసి పోసినాడు. ఇప్పుడు కాస్తన్నాయి.

మా అన్నకి ఇప్పుడు నలభై ఒకటి. ఆడికి కిడ్నీలు రెండూ పోనాయి, వారానికి రెండుసార్లు పలాస ఎల్లి డయాలసిస్ చేయించుకోవాలి. కవిటి, కంచిలి, మందస, వజ్రపుకొత్తూరు ఏ ఊరెళ్ళినా ఇలాంటోళ్ళున్నారు, ఎందుకొస్తందో ఇన్నేళ్ళయినా ఎవుళూ తేల్చలేదు. అయ్య వండుకుని, మోటారుసైకిల్ మీద అన్నని దింపి, సాయంత్రం మళ్ళీ తీసుకొస్తాడు. ఎక్కేటప్పుడు అన్న అయ్య భుజం పట్టుకుంటాడు.

ఇప్పుడు సెప్పండి మా ఇంట్లో ముసలోడెవుడు. తరాలు మారినాయి, నలభై అంటే ఇప్పుడు ముప్పై అని మీరందరూ అంటన్నారు, అది ఏసీలో కుర్చీ ఉన్నోడి మాట. బిల్డింగ్ పనికాడ మేస్త్రీ మా ఊరోళ్ళని ముందు అడిగీది వయసే, నలభై అయిదు దాటిందంటే సిమెంటు బస్తా ఎత్తి చూపించమంటాడు.

నాగావళి_నీళ్ళు:
తమ్ముడూ, నా పోస్టు ఇప్పుడు మళ్ళీ చదువుకుంటే నాకే చిన్నతనంగా ఉంది. స్కేల్ సాగింది అన్నాను, అందరికీ ఒకేలా సాగలేదు. అన్నయ్య జాగ్రత్త.

డీఎస్సీ_ఎదురుచూపు (బొబ్బిలి):
ముసలోళ్ళు అవ్వమంటే ఒప్పుకోని ఇంకో జాతి ఉంది, గవర్నమెంటు ఉద్యోగులు. 58 ఉండేది, 2014లో 60 చేసారు, 2022 జనవరిలో 62 చేసారు. వాళ్ళు కుర్రోళ్ళుగా కుర్చీలో ఉన్నంతసేపూ మేం బయట ముసలోళ్ళమవుతున్నాం. 2025లో టీచర్ ఉద్యోగాల డీఎస్సీకి వయోపరిమితి 44కి పెంచారు. అంటే కోట_జంక్షన్ గారి అమ్మమ్మ ఫోటో వయసుకి ఇక్కడ మనిషి ఇంకా నిరుద్యోగ యువకుడే!! పెళ్ళిసంబంధాల వాళ్ళు కూడా అలా అనుకుంటే బాగుణ్ణు.

రాజాం_మాస్టారు:
నేను 62 నిండి దిగినవాడినే, కాబట్టి తిట్టు నాకే తగిలింది. కానీ ఇంకో వైపు కూడా విను. 1983లో ఎన్టీ రామారావుగారు రాగానే 58ని 55కి దించేసారు. అప్పటికి ఆయనకే 59 అన్నది వేరే విషయం. మా నాన్న ప్రైమరీ స్కూల్ మాస్టరు, 56లో ఉన్నారు. ఇంకా ఇద్దరు చెల్లెళ్ళ పెళ్ళిళ్ళున్నాయి. ఆ నెలలోనే దండేసి పంపించేసారు. మర్నాడు తొమ్మిదింటికి అలవాటుగా చొక్కా తొడుక్కుని, గొడుగు తీసుకుని, వీధి అరుగు మీద కూర్చుండిపోయారు. పదకొండింటికి చొక్కా విప్పేసి లోపలికొచ్చారు. ఇలా నెలరోజులు. జనవరిలో సైకిల్ మీద ఆరు మైళ్ళు తొక్కిన మనిషి దీపావళికి చేతికర్ర పట్టారు. తరవాత మళ్ళీ 58 చేసారులే, మా నాన్నకి మాత్రం ఆలస్యమైపోయింది.

డీఎస్సీ_ఎదురుచూపు:
మాస్టారూ మీ మీద కోపం లేదు. కానీ నా ప్రశ్నకి ఇది జవాబు కాదు.

రాజాం_మాస్టారు:
కాదు. నిజమే.

పైడితల్లి_పిల్ల:
నాకు రాత్రినుంచీ ఒకటే తొలుస్తోంది కోట_జంక్షన్ అన్నయ్యగారూ. ఫోటో 1974, వయసు 44 అంటే ఆవిడ పుట్టింది 1930. మీ పెద్దమావయ్య ఏ ఏడు పుట్టారు? రోజూ వయసులు రాసే ఉద్యోగం నాది, జనం చెప్పే వయసు నేను ఊరికే నమ్మను. మా ఊళ్ళో సగంమంది పుట్టినరోజు జూలై 1, బళ్ళో వేసిన మాస్టారు రాసేసింది. మిగతా సగం జనవరి 1, ఆధార్‌లో పడింది.

ఉద్దానం_జీడిపిక్క:
బాగా అడిగినావప్పా. మా పెద్దమ్మకి ఆధార్‌లో జనవరి 1, 1969 అని పడింది. మునిమనవడు పుట్టినాడు ఆవిడికి. అరవై నిండితే గానీ పెన్షన్ రాదంటారు. నాలుగువేలు నెలకి, మూడేళ్ళనుంచి "నాను ముసలిదాన్నే బాబూ" అని తిరుగుతంది.

కోట_జంక్షన్:
ఆలస్యానికి సారీ, అమ్మ పార్వతీపురంలో చెల్లి దగ్గరుంది, ఇందాక ఫోన్ కలిసింది. పైడితల్లి గారి అనుమానం చెప్పాను. ముందు "పోయినామె వయసుతో నీకేటి పనిరా" అంది. తరవాత తనే లెక్క మొదలెట్టింది. జపానోళ్ళు విశాఖపట్నం మీద బాంబులేసినప్పుడు తాతయ్య పోర్టులో పనిచేసేవాడంట, ఊరు ఊరంతా ఖాళీ అయిపోయి బళ్ళు కట్టుకుని వచ్చేసారంట, అప్పుడు పెద్దమావయ్య అమ్మమ్మ చంకలో ఉన్నాడు, దారిలో విరేచనాలు పట్టుకున్నాయి, ఎవరో ఇంటి అరుగు మీద రాత్రంతా కూర్చుంది, ఇదంతా అమ్మమ్మ చాలాసార్లు చెప్పేదంట.

బాంబులు పడింది 1942 ఏప్రిల్లో. 1930లో పుట్టిన మనిషి అప్పటికి పన్నెండేళ్ళది. చంకలో పిల్లాడు ఎలా ఉంటాడు! ఎంత తక్కువేసుకున్నా ఫోటోనాటికి అమ్మమ్మకి యాభై, యాభై రెండు ఉండాలి.

మరి ఆ 44 ఎక్కడిదమ్మా అంటే నవ్వింది. "రేషన్ కార్డు రాసేవాడొస్తే మీ చిన్నమావయ్య నోటికొచ్చిన నంబరు చెప్పేసాడు, అదే ఫోటో వెనకాలా రాసి ఉంటాడు, అమ్మకి మాత్రం తెలుసేటి తన వయసు." అడ్డపొగ కూడా నిజమే పైడితల్లి గారూ, వాకిట్లో కనబడకుండా దొడ్లో నూతిగట్టు మీద కూర్చుని పీల్చేదంట.

యాభై రెండేళ్ళకి పళ్ళు లేకపోవడం ఇప్పటికీ నాకు ఎక్కువే అనిపిస్తోంది, నా ఓటు మార్చాలా వద్దా ఆలోచించాలి. జీడిపిక్క తమ్ముడు చెప్పినదాని ముందు నా షటిల్ గొడవ ఎలాగూ నిలవదు. ముందైతే టైటిల్లో నలభై నాలుగు తీసెయ్యాలి, పోస్టు వేసి రోజు దాటితే మార్చనివ్వట్లేదు, ఎలాగో ఎవరికైనా తెలుసా?

గరివిడి_గుంటడు:
ఉండనీండి అంకుల్, ఎనిమిదేళ్ళు తగ్గించి చెప్తే ఏ అమ్మమ్మకి కోపం వస్తాది